టైల్స్‌కీ తివాచీకీ కలిపి ఒక్క వాక్యూమ్ క్లీనర్: వాట్లు కాదు, మూతి చూసి కొనండి

షోరూమ్‌లో వాక్యూమ్ క్లీనర్ల వరుస ముందు నిలబడితే ప్రతి అట్టపెట్టె మీదా అన్నిటికంటే పెద్దగా అచ్చేసి ఉండేవి వాట్లు. 1000, 1400, 1600, 1900. సేల్స్‌మన్ కూడా అక్కణ్నుంచే మొదలుపెడతాడు: ‘‘సార్, ఇది 1900 వాట్స్, మొత్తం లాగేస్తుంది.’’ ఆ అంకె మోటారు ఎంత కరెంటు తింటుందో చెబుతుంది, అంతే. మీ హాల్లో తివాచీ అడుగున కూర్చున్న ఇసుక పైకి వస్తుందా రాదా అన్నది ఆ అంకెలో ఎక్కడా లేదు.

యూరప్‌లో ఈ వాట్ల పోటీకి చట్టంతోనే అడ్డుకట్ట వేశారు. ఇళ్లలో వాడే వాక్యూమ్‌లు 2014 సెప్టెంబరు నుంచి 1600 వాట్ల లోపు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్ల లోపు ఉండాలన్నారు. వాట్లు తగ్గించి శుభ్రత కూడా తగ్గిస్తారేమోనని ఇంకో రెండు షరతులు పెట్టారు. పరీక్షలో కార్పెట్ మీద చల్లిన దుమ్ములో కనీసం 75 శాతం ఎత్తాలి. గట్టి నేల మీద, అదీ సందులో పోసిన దుమ్ములో, కనీసం 98 శాతం ఎత్తాలి. ఈ రెండు అంకెల మధ్య తేడా చూడండి. 900 వాట్ల లోపు మోటారుతోనే సందులోని దుమ్ము దాదాపు పూర్తిగా వచ్చేయాలి అంటున్న చట్టం, కార్పెట్ దగ్గరికి వచ్చేసరికి నాలుగింట మూడొంతులు వస్తే చాలంటోంది. తివాచీ పని వేరు, టైల్ పని వేరు. రెండూ ఉన్న ఇంటికి మిషన్ ఎంచుకోవడంలో చిక్కంతా ఇక్కడే ఉంది.

తివాచీలో దుమ్ము మూడు అంతస్తుల్లో ఉంటుంది. పైన వెంట్రుకలు, నూగు, బిస్కెట్ పొడి. మధ్యలో పోగులకు అంటుకున్న సన్నటి దుమ్ము. అడుగున, పోగు నేతలోకి దిగేచోట, చెప్పులతో వచ్చిన ఇసుక. తివాచీని పాడుచేసేది ఈ ఇసుకే. అడుగు పడ్డప్పుడల్లా రేణువుల పదునంచులు పోగు మొదళ్లను రాసి కోస్తాయి. నడిచే దారిలోనే తివాచీ పలచబడటానికి కారణం అదే. గాలి ఎంత బలంగా లాగినా మొదటి అంతస్తు వస్తుంది, రెండోది కొంత వస్తుంది, మూడోది రాదు. అక్కడిదాకా వెళ్లాలంటే పోగుల్ని విడదీసి తట్టి లేపే బ్రష్ కావాలి. గుండ్రంగా తిరిగే ఆ బ్రష్ లేని మిషన్‌తో తివాచీ ఊడవడమంటే దులపకుండా దుప్పటి మడత పెట్టినట్టే.

టైల్ మీద కథ తిరగబడుతుంది. అక్కడ దుమ్ము పైనే ఉంది, తట్టాల్సిన పని లేదు. గట్టి వెంట్రుకల బ్రష్ గిర్రున తిరిగితే బియ్యపు గింజల్నీ ఇసుకనీ లోపలికి లాగకముందే వెనక్కి విసిరికొడుతుంది, అవి మీ కాలికే వచ్చి తగులుతాయి. టైల్‌కి కావాల్సింది మెత్తటి బ్రిసిల్స్ (బ్రష్ వెంట్రుకలు) అంచున్న వెడల్పాటి మూతి. అది నేలకు ఆని ఉండాలి, కానీ ముందువైపు గాలి దూరడానికి సందులుండాలి. ముందు అంచు పూర్తిగా మూసుకుని ఉంటే సగ్గుబియ్యం, మరమరాలు లాంటివి లోపలికి రావు; మూతి వాటిని నెట్టుకుంటూ గోడదాకా తీసుకెళ్లి వదిలేస్తుంది.

మూతి తిప్పి చూడండి

అందుకే షాపులో మొదట చేయాల్సిన పని: మిషన్ బాడీని వదిలేసి, నేల మీద నడిచే మూతిని, అంటే ఫ్లోర్ నాజిల్‌ని, చేతిలోకి తీసుకుని తిరగేయండి.

మామూలు నాజిల్ అయితే మధ్యలో అడ్డంగా ఒక గాడి, పైన కాలితో నొక్కే పెడల్ ఉంటాయి. పెడల్ ఒకవైపు నొక్కితే చుట్టూ బ్రిసిల్స్ కిందికి దిగుతాయి, అది టైల్స్‌కి. రెండోవైపు నొక్కితే బ్రిసిల్స్ లోపలికి పోయి నున్నటి అడుగు తివాచీకి ఆనుతుంది. డబ్బా మీద ‘కార్పెట్ అండ్ హార్డ్ ఫ్లోర్ నాజిల్’ అని రాసేది ఎక్కువగా దీన్నే. టైల్స్‌కి ఇది బాగా పనికొస్తుంది. తివాచీకి మాత్రం పైపై పనే. చాలామంది ఆ పేరు చూసి రెండూ అయిపోతాయనుకుని కొంటారు. కొన్నాళ్లకి మిషన్ అటకెక్కుతుంది.

రెండో రకం టర్బో బ్రష్. నాజిల్ లోపల చిన్న ఫ్యాన్ చక్రం ఉంటుంది. లాగే గాలే దాన్ని తిప్పుతుంది, అది రోలర్‌ని తిప్పుతుంది. కరెంటు వైర్లు అక్కర్లేదు కాబట్టి పైపు కొలత సరిపోతే విడిగా కొని తగిలించుకోవచ్చు. దీని లోటు ఒకటే: గాలి తగ్గితే బ్రష్ కూడా నెమ్మదిస్తుంది. ఫిల్టరు మూసుకుపోయినా, బ్యాగు నిండినా, తివాచీ పోగులు మరీ ఎత్తుగా ఉన్నా రోలర్ ఈడ్చుకుంటూ తిరిగి చివరికి ఆగిపోతుంది. పోగుల ఎత్తు వేలి మందం లోపు ఉన్న తివాచీలకు ఇది చాలు.

మూడోది పవర్ బ్రష్, దానికి సొంత మోటారు ఉంటుంది. పైపు చివర లోహపు పిన్నులు కనిపిస్తే అదే. ఇల్లంతా కార్పెట్ పరిచిన ఇళ్లకు ఇదే సరైనది. ఇందులో చూడాల్సింది రోలర్‌ని విడిగా ఆపే స్విచ్ ఉందా లేదా అన్నది. ఆ స్విచ్ లేకపోతే టైల్స్ మీద విసుర్లు, పాలిష్ చేసిన మార్బుల్ మీద గీతలు తప్పవు.

ఇంకో చిన్న సంగతి, దీన్ని ఎవరూ చూడరు. నాజిల్ కింది చక్రాలు వట్టి ప్లాస్టిక్‌వా, రబ్బరు అంచున్నవా? ప్లాస్టిక్ చక్రంలో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే మార్బుల్ మీద సన్నటి గీత ఇంటి చివరిదాకా పడుతుంది. వేలితో నొక్కి చూస్తే తెలిసిపోతుంది.

మీ ఇంట్లో ఉన్నది ఏ నేల, ఏ తివాచీ?

విట్రిఫైడ్ టైల్స్ ఉన్న ఫ్లాట్లలో సందులు సన్నం కాబట్టి ఏ మిషనైనా నెగ్గుకొస్తుంది. తాండూరు, బేతంచర్ల బండలు పరిచిన ఇళ్లలో సందులు వెడల్పు, పైగా ఏళ్లు గడిచేకొద్దీ సిమెంటు ఊడి గాళ్లు పడతాయి. ఆ గాళ్లలో దుమ్మును కొన్ని మిషన్లకు వచ్చే మెత్తటి స్పాంజి రోలర్ పైనుంచి దాటేస్తుంది. అక్కడ బ్రిసిల్ అంచున్న నాజిల్, గట్టిగా లాగే మోటారు కావాలి. మూలల్లో సందుల నాజిల్, అదే సన్నటి చప్పిడి మూతి, వాడాలి.

తివాచీల్లో ఫ్యాక్టరీలో నేసిన పాలీప్రొపిలీన్, నైలాన్ రకాలు దేనికైనా తట్టుకుంటాయి. రోలర్‌ని ధైర్యంగా నడిపించవచ్చు. ఏలూరు తివాచీల్లాంటి ఉన్నివి, చేత్తో ముడులు వేసి నేసినవి వేరు. వీటి మీద తిరిగే బ్రష్ వద్దు. అది ముడుల్లోంచి పోగుల్ని కొద్దికొద్దిగా పీకేస్తుంది, అంచు కుచ్చుల్ని చుట్టేసి తెంపుతుంది. అరచేత్తో రెండువైపులా నిమరండి: ఒకవైపు నున్నగా, ఎదురువైపు గరుగ్గా తగులుతుంది. నున్నగా తగిలే దిశలోనే, మామూలు నాజిల్‌తో, బలం సగానికి తగ్గించి లాగాలి. కొత్త ఉన్ని తివాచీ మొదటి కొన్ని నెలలు నూగు రాలుస్తుంది. బ్యాగులో నూగు ఉండ చూసి తివాచీ పాడైపోతోందని కంగారుపడక్కర్లేదు.

అడుగున కూర్చున్న ఇసుకకు ఉన్ని తివాచీల దగ్గర పాత ఉపాయమే గట్టిది. తివాచీని బోర్లా తిరగేసి, వెనకవైపు నాజిల్‌తో నెమ్మదిగా రెండుసార్లు నడిపించండి. పోగులు కిందికి వేలాడుతుంటాయి కాబట్టి ఆ అదురుకు ఇసుక నేల మీదికి రాలుతుంది. ఎత్తి చూస్తే కింద టైల్ మీద ఇసుక పరుచుకుని కనిపిస్తుంది. దాన్ని టైల్ నాజిల్‌తో తీసేయండి. రాలడం ఆగేదాకా ఇలా చేయాలి. నెలకోసారి చాలు.

వరంగల్ జంపఖానాలది ఇంకో తంటా. అవి నూలువి, పైకి లేచి ఉండే పోగులుండవు, బరువు తక్కువ. నాజిల్ పెట్టగానే జంపఖానా మొత్తం లేచి మూతికి అతుక్కుంటుంది, మోటారు గొంతు సన్నబడి కీచుమంటుంది. ఆ కీచు శబ్దానికి అర్థం లోపల లాగుడు ఉంది గాని గాలి ఆడటం లేదని. గాలి ఆడకపోతే దుమ్ము కదలదు, మోటారు కూడా వేడెక్కుతుంది, ఎందుకంటే చాలా మిషన్లలో మోటారును చల్లబరిచేది ఆ గాలే. పిడి దగ్గర చిన్న జారుడు మూత ఉంటుంది. దాన్ని సగం తెరవండి, లాగుడు తగ్గుతుంది. అంచు మీద కాలు వేసి, మీ వైపు నుంచి అవతలికి నెట్టండి. ఆ జారుడు మూత లేని మిషన్ జంపఖానాలున్న ఇంటికి పనికిరాదు.

బ్యాగు ఉన్నదా, లేనిదా?

ఈ విషయంలో మా మాట సూటిగా: తెలుగు ఇళ్లకు బ్యాగు ఉన్నదే మంచిది. బ్యాగు లేకుండా దుమ్ము డబ్బాలో పడే రకాన్ని అందరూ మెచ్చుకునేది బ్యాగుల ఖర్చు లేదని. కానీ మన ఇళ్లలో దుమ్ము ఎలాంటిదో చూడండి. వాకిట్లోంచి కాళ్లతో వచ్చే ముగ్గుపిండి. దేవుడి గది దగ్గర విభూతి, కుంకుమ, పసుపు, అగరుబత్తి బూడిద. వంటింటి గుమ్మంలో గోధుమపిండి. పక్క స్థలంలో అపార్ట్‌మెంటు లేస్తుంటే సిమెంటు దుమ్ము. ఇవన్నీ మెత్తటి పొడులు. డబ్బాలో సుడి తిరిగే గాలి బరువైన చెత్తను బాగా విడదీస్తుంది. ఇంత సన్నటి పొడిలో కొంత మాత్రం గాలితోపాటు జారిపోయి నేరుగా ఫిల్టరు మడతల్లో ఇరుక్కుంటుంది. గుప్పెడు ముగ్గుపిండి లాగిన తర్వాత మడతల ఫిల్టరు తీసి చూడండి: మడతల మధ్య తెల్లటి పూత కట్టి ఉంటుంది, గోడకు సున్నం వేసినట్టు. ఆపైన డబ్బా ఖాళీగానే ఉన్నా లాగుడు సగమైపోతుంది. జనం ‘‘మోటారు వీకైపోయింది’’ అని సర్వీసుకు తీసుకెళ్తారు. మోటారుకు ఏమీ కాదు.

నాన్‌వోవెన్ (నేయని గుడ్డ) బ్యాగులో చుట్టూ గుడ్డంతా ఫిల్టరే కాబట్టి పూత కట్టినా చోటు మిగులుతుంది. నిండాక మూతి మూసి పారేయడమే. డబ్బాను చెత్తబుట్టలో గుమ్మరించినప్పుడు లేచే దుమ్ము ఉబ్బసం ఉన్నవాళ్లకి ఎంత చెరుపు చేస్తుందో వాళ్లున్న ఇళ్లకే తెలుస్తుంది. బ్యాగును మూడొంతుల్లో రెండొంతులు నిండగానే మార్చండి. తడపరాదు, దులిపి మళ్లీ వాడరాదు. ఉతికి వాడే గుడ్డ సంచి కూడా వస్తుంది. చవక, కానీ దాని నేత సందుల్లోంచి సన్నటి దుమ్ము తిరిగి గదిలోకే వస్తుంది.

అతి సన్నటి రేణువుల్ని ఆపే హెపా ఫిల్టరు గురించి ఒక్క మాట. హెచ్13 తరగతి అంటే గాలిలో పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన సైజు రేణువుల్లో 99.95 శాతం ఆపాలి. మంచిదే. కానీ ఫిల్టరు ఎంత గొప్పదైనా మూత చుట్టూ రబ్బరు వాషరు సరిగ్గా కూర్చోకపోతే గాలి ఫిల్టరు పక్కనుంచి పోతుంది. షాపులో ఆన్ చేయించి మూత అంచుల చుట్టూ తడి వేలు తిప్పండి. చల్లగా తగిలితే అక్కడ గాలి కారుతున్నట్టే.

ఏ మిషన్?

1980లలో యూరేకా ఫోర్బ్స్ వాళ్లు ఇంటింటికీ తిరిగి సోఫాల మీద డెమోలు చూపించిన రోజుల నుంచీ మన దగ్గర వాక్యూమ్ క్లీనర్ అంటే చక్రాల మీద నడిచే పెట్టె, దానికి గొట్టం. ఆ కానిస్టర్ రకమే ఇప్పటికీ రెండు రకాల నేలలున్న ఇంటికి అన్నిటికంటే నమ్మకమైనది. బరువంతా కింద ఉంటుంది, చేతిలో పైపే. మంచం కిందికి, సోఫా కిందికి పోతుంది. నాజిల్ మారిస్తే పని మారుతుంది. 1000 నుంచి 1400 వాట్లు, బ్యాగు, జారుడు మూత, పెడల్ నాజిల్, దానికి తోడు ఒక టర్బో బ్రష్. టైల్స్ ఎక్కువై ఒకటి రెండు తివాచీలున్న ఫ్లాటుకు మేము చెప్పేది ఇదే. ఇదే చక్రాల పెట్టె రకంలో బ్యాగు లేకుండా వచ్చేవీ ఉన్నాయి. ఫిలిప్స్ పవర్‌ప్రో ఎఫ్‌సీ 9352 అలాంటిది, 1900 వాట్లు, లీటరున్నర డబ్బా. ముగ్గుపిండి, సిమెంటు దుమ్ము బెడద లేని ఇంటికి, ఫిల్టరు పని ఓపిగ్గా చేసుకునేవాళ్లకి అది సరిపోతుంది.

డ్రమ్ము ఆకారంలో వచ్చే తడి-పొడి మిషన్లు మరో దారి. కార్చర్ డబ్ల్యూడీ 3 అందరికీ తెలిసినది: 1000 వాట్లు, 17 లీటర్ల డ్రమ్ము, కార్ట్రిడ్జ్ ఫిల్టరు, వెనక బ్లోయర్. ఒలికిన పాలు, బాల్కనీలో వాన నీళ్లు, కారు, ఇల్లు కట్టాక మిగిలిన చెత్త, వీటికి దీన్ని మించింది లేదు. ఇసుకకు భయపడదు. తివాచీ మీద మాత్రం ఇది పైపైనే లాగుతుంది, శబ్దం కూడా ఎక్కువ. తివాచీ ఒకటే ఉండి అది కూడా పలచటిదైతే దీనితో సరిపెట్టుకోవచ్చు. తడి పని అయ్యాక ఫిల్టరు ఆరకుండా పొడి దుమ్ము లాగితే బురద ముద్ద కట్టి ఫిల్టరు పనికిరాకుండా పోతుంది. పాలో సాంబారో లాగితే వెంటనే బకెట్ మంచినీళ్లు లాగించి డ్రమ్ము కడగాలి; తెల్లారేదాకా ఉంచితే ఆ వాసన గొట్టంలోంచి వదలదు.

వైరు లేని స్టిక్ రకం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రోజూ టైల్స్ మీద పది నిమిషాల పనికి చేతికి అందుబాటులో ఉంటుంది కూడా. తివాచీ దగ్గర లెక్క వేసుకోండి. డైసన్ వీ8 బ్యాటరీ 21.6 వోల్టులు, 2.8 ఆంపియర్ అవర్లు. గుణిస్తే సుమారు 60 వాట్ అవర్లు. మోటారు 425 వాట్లు. పూర్తి బలంతో నడిపితే ఎనిమిది నిమిషాలు కూడా కష్టమే. అట్టపెట్టె మీద రాసే 40 నిమిషాలు తక్కువ బలంతో, మోటారు లేని నాజిల్‌తో. ఇప్పుడు 6 అడుగులకు 9 అడుగుల తివాచీ తీసుకోండి, అంటే ఐదు చదరపు మీటర్లు. పావు మీటరు మూతితో, సెకనుకు అర మీటరు చొప్పున, ప్రతి చోటా నాలుగుసార్లు నిలువుగా, నాలుగుసార్లు అడ్డంగా లాగితే ఐదు నిమిషాల పైనే. ఒక్క తివాచీతో బ్యాటరీ అయిపోవచ్చింది. దుమ్ము డబ్బా అర లీటరు చిల్లరే. ఏళ్లు గడిచేకొద్దీ బ్యాటరీ నిలిచే సమయం ఇంకా తగ్గుతుంది. కొనేటప్పుడే విడి బ్యాటరీ ధర అడిగి దాన్ని మిషన్ ధరకు కలిపి చూసుకోండి. బ్యాటరీ ఊడదీయడానికి రాని మోడల్ మాత్రం వద్దే వద్దు.

తనంతట తిరిగి ఊడ్చే రోబో వాక్యూమ్‌ల ప్రకటనల్లో 5000, 8000 అని కనిపించే అంకెలు పాస్కళ్లు, అంటే లాగుడు బలం కొలత. 5000 పాస్కళ్లంటే ఐదు కిలోపాస్కళ్లు. ప్లగ్గు పెట్టి నడిపే మంచి కానిస్టర్ 20 కిలోపాస్కళ్ల దాకా లాగుతుంది. రోజువారీ టైల్స్ దుమ్ముకు రోబో బాగుంటుంది. గడపలు రెండు సెంటీమీటర్లు దాటితే చాలా రోబోలు ఎక్కలేవు; కుచ్చుల తివాచీలో చిక్కుకుంటుంది, నల్లటి తివాచీని చూసి మెట్టు దిగువ అనుకుని వెనక్కి పోతుంది. తివాచీ శుభ్రం చేసే మిషన్‌గా లెక్కపెట్టకండి.

నిలువుగా పట్టుకుని తోసే అప్‌రైట్ రకం గోడ నుంచి గోడకి కార్పెట్ ఉన్న అమెరికా ఇళ్లలో ఎక్కువ, అక్కడికే సరిపోతుంది. అక్కడున్న మనవాళ్లు కొనేటప్పుడు కార్పెట్ అండ్ రగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఆమోద ముద్ర ఉందేమో చూసుకోవచ్చు. దుమ్ము ఎంత తీస్తుంది, గాలిలోకి ఎంత వదులుతుంది, కార్పెట్‌ని ఎంత అరగదీస్తుంది అని మూడూ పరీక్షించి బంగారు, వెండి, కాంస్య స్థాయిలిస్తారు. తిరిగి వచ్చేటప్పుడు దాన్ని ఇండియాకి తేవద్దు. అది 120 వోల్టులది. ఇక్కడి 230లో నేరుగా పెడితే క్షణాల్లో కాలిపోతుంది. 12 ఆంపియర్ల మిషన్ అంటే 1440 వాట్లు, దానికి వోల్టేజి తగ్గించే 2000 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. గది గదికీ అంత ఇనుప ముద్దని ఎవరూ మోయలేరు. ఛార్జరు మీద 100-240 వోల్టులని రాసి ఉన్న స్టిక్ రకమైతే తెచ్చుకోవచ్చు.

షాపులో పది నిమిషాలు

ఇంటి నుంచి ఒక చిన్న డబ్బాలో బొంబాయి రవ్వ, ఇంకో దాంట్లో ముగ్గుపిండి, గుప్పెడు సగ్గుబియ్యం పట్టుకెళ్లండి. అడిగితే చాలా షాపుల్లో కాదనరు. రెండు చెంచాల రవ్వ డెమో తివాచీ మీద పోసి చెప్పు అడుగుతో బాగా రుద్దండి, లోపలికి దిగాలి. నాలుగుసార్లు లాగించండి. తర్వాత పోగులు వేళ్లతో విడదీసి మొదట్లో చూడండి. ముగ్గుపిండిని రెండు టైల్స్ మధ్య సందులో నింపి ఒక్కసారి నడిపించండి. సగ్గుబియ్యం టైల్ మీద చల్లి ముందుకు తోయండి: లాగిందా, నెట్టిందా, విసిరిందా. ఈ మూడూ చూశాక వాట్ల మాట మీకు గుర్తే రాదు.

ప్లగ్గు కూడా చూడండి. 6 ఆంపియర్ల సాకెట్ మోయగలిగేది 1380 వాట్లు. అంతకు మించిన మిషన్లకు లావు పిన్నుల 16 ఆంపియర్ ప్లగ్గు కావాలి. మన ఫ్లాట్లలో ఆ సాకెట్లు వంటింట్లో, గీజర్ దగ్గర, ఏసీ పక్కన పైన ఉంటాయి. తివాచీ ఉండే హాల్లో ఉండవు. వైరు ఐదు మీటర్లు, గొట్టం ఒకటిన్నర మీటరు అనుకుని మీ హాలు కొలుచుకోండి. అడాప్టర్ పెట్టి 6 ఆంపియర్ సాకెట్లో నడిపితే ప్లాస్టిక్ వాసన వస్తుంది, తర్వాత సాకెట్ నల్లబడుతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద ఏ వాక్యూమూ నడపొద్దు. తనంతట చుట్టుకునే వైరును పసుపు గుర్తు కనిపించేదాకా బయటికి లాగి వాడాలి, లోపల చుట్టగా ఉండిపోతే వేడెక్కుతుంది. ఎర్ర గుర్తు దాటి లాగితే స్ప్రింగు పోతుంది.

కొన్నాక

వాక్యూమ్ క్లీనర్ మూలపడేది మోటారు కాలి కాదు, ఎక్కువసార్లు చిన్నవాటితోనే. రోలర్‌కి పొడుగు జుట్టు చుట్టుకుంటుంది. రెండు వారాలకోసారి రోలర్ పొడుగునా ఉన్న గాడిలో కత్తెర దూర్చి కోసి లాగేయండి. రెండు చివర్లా బేరింగుల్లోకి పోయిన వెంట్రుకలు ముఖ్యం, అవి వేడికి ప్లాస్టిక్‌ని కరిగిస్తాయి. రోలర్ తిరగకుండా రబ్బరు కాలిన వాసన వస్తే బెల్టు తెగినట్టే. విడి బెల్టు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

లాగుడు తగ్గితే ఈ వరుసలో చూడండి: బ్యాగు, మోటారు ముందు ఫిల్టరు, వెనక ఫిల్టరు, ఆ తర్వాత గొట్టం. గొట్టంలో అడ్డు ఉందో లేదో తెలుసుకోవడానికి దాన్ని నిలువుగా పట్టుకుని పైనుంచి ఒక గోలీ వదలండి. కిందికి రాకపోతే వంపులో ఏదో ఉంది. ఇనుప తీగతో పొడవకండి, గొట్టం చిల్లుపడుతుంది. చీపురు కర్రకు గుడ్డ చుట్టి నెట్టండి. నడుస్తూ నడుస్తూ మిషన్ ఉన్నట్టుండి ఆగిపోతే కంగారుపడి సర్వీసుకు ఫోన్ చేయకండి. వేడెక్కినప్పుడు మోటారును కాపాడే కటౌట్ ఉంటుంది. ప్లగ్గు తీసి, అడ్డు తొలగించి, గంట ఆగి పెట్టండి.

కడగవచ్చు అని రాసి ఉన్న ఫిల్టరునే కడగాలి, సబ్బు లేకుండా, నీడలో 24 గంటలు ఆరబెట్టాలి. వానాకాలంలో రెండు రోజులైనా తడి పోదు. తడి ఫిల్టరు పెడితే ముక్కవాసన మొదలవుతుంది, తేమ మోటారులోకి పోతుంది. అందుకే ఫిల్టర్లు రెండు కావాలి, ఒకటి ఆరుతుంటే ఇంకోటి వాడటానికి.

ధూపం వేసిన గదిలో సాంబ్రాణి బొగ్గు నుసి, అప్పుడే రాలిన అగరుబత్తి బూడిద లాగకండి. పైకి చల్లారినట్టున్నా లోపల నిప్పు ఉంటుంది. గాలి తగలగానే రాజుకుంటుంది, బ్యాగు కాగితమో గుడ్డో. గాజు పెంకులు కూడా చేత్తో ఏరి, మిగిలిన నలుసులే లాగాలి. పొడి మిషన్‌తో తడి తివాచీ మీదికి వెళ్లొద్దు.

ఇక బిల్లు వేయించుకునే ముందు కౌంటర్ దగ్గరే ఒకటి అడగండి: ఈ మోడల్‌కి బ్యాగులు, ఫిల్టరు, బెల్టు ఇక్కడ దొరుకుతాయా? ‘‘ఆన్‌లైన్‌లో వస్తాయండీ’’ అంటే అక్కడే ఫోన్ తీసి మోడల్ నంబరుతో వెతికి చూడండి. దొరక్కపోతే ఆ మోడల్ వదిలేసి పక్కదానికి వెళ్లండి. దొరికితే పది బ్యాగులు, ఒక ఫిల్టరు, ఒక టర్బో బ్రష్ మిషన్‌తోపాటే తీసుకోండి, పైపు కొలత అక్కడే తగిలించి సరిచూసుకుని.